చౌట్లో మొదటి పన

ఆ ఆదివారం తెల్లవారేసరికి ఆకాశం బాగా కిందికి దిగి ఉంది. రాత్రంతా తూర్పుగాలి తోలిన మబ్బులు కుందూ ఏరు దాటి వచ్చి, ముందుకు కదలడానికి మనసొప్పని గొడ్లమందలాగా ఊరి నెత్తిన నిలబడిపోయాయి. పొద్దు పొడిచిన చోటు తెలుస్తోంది గానీ పొద్దు కనిపించడం లేదు. ఉండి ఉండి ఒక చినుకు. కురిసి వెలిసిపోతే మంచిదే. కురవక ఇట్లాగే ముసురు పెట్టిందంటే కోతకొచ్చిన జొన్న కంకులన్నీ బూజు పట్టి నల్లబడతాయి.

కాలువ గట్టు మీద నిలబడి ప్రేమయ్య ఒకసారి పైకి చూశాడు, ఒకసారి కిందికి చూశాడు. కిందున్నది అతని ఎకరా చిల్లర చేను. కాలువ నీళ్లు కొత్తగా పారిన కాలంలో అతని నాయన అందులో వరి పండించాడు. నీళ్లు పోయే దారి లేక నిలిచీ నిలిచీ, అడుగునున్న ఉప్పంతా పైకి తేలింది. ఎండాకాలం అందులో నడిస్తే కాలికింద అప్పడం విరిగినట్టు చప్పుడవుతుంది. మంచు పడిన పొద్దుల్లో నేలంతా సున్నం చల్లినట్టు తెల్లగా ఉంటుంది. బర్రెలకు గడ్డి కూడా ఎవరినో అడిగి తెచ్చుకోవాల్సిందే.

ఆరోజు గుడిలో కోత పండగ. ఆ ఊరి క్రైస్తవులు తాతల నాటి నుంచి పాటిస్తున్న కట్టడి ఒకటుంది. చేన్లో ఏది పండినా మొదట కోసిన కట్టను, మొదటి పనను, దేవుని బల్ల మీద పెట్టందే ఇంట్లో ఎవరూ నోట పెట్టరు. అది కూడా చేన్లో మేలైనదై ఉండాలి. బైబిల్లో అన్న కయీను పంటలో ఏదో ఒకటి తెచ్చాడు, తమ్ముడు హేబెలు మందలో కొవ్వినదాన్ని తెచ్చాడు. దేవుడు ఎవరివైపు చూశాడో బడికి పోని పిల్లలకు కూడా తెలుసు.

చౌడు ముదిరినప్పటి నుంచి ప్రేమయ్య తన చేతి పంట పెట్టింది లేదు. కిందటేడు ఆళ్లగడ్డ సంతలో ఒక గుమ్మడికాయ కొని తెచ్చి పెట్టాడు. కాలువ సంఘానికి పెద్ద జయపాల్. నోరున్న మనిషి. పండగ ముగిసి అందరూ బయటికి వస్తుంటే, వినాల్సిన వాళ్లందరూ వినేటట్టు అన్నాడు.

"ఏమప్పా ప్రేమయ్యా, సంత కాయ తెస్తివే. నీ చేన్లో పండేది ఉప్పు గదా. ఒక దోసెడు ఉప్పు తెచ్చి పెట్టినా అయ్యగారి కూరలోకి పనికొచ్చుండు."

అందరూ నవ్వారు. ప్రేమయ్య కూడా నవ్వాడు. అతని భార్య ఓబులమ్మ మాత్రం ముసుగు ముందుకు లాక్కుని, అతని కన్నా ముందే ఇంటికి నడిచింది.

ఈ ఏడు ఆ చేన్లో పైరుంది. అతనిది కాదు, సాహితిది. సాహితి ప్రొద్దుటూరు పక్క రైతుబిడ్డ. పశుగ్రాసాల మీద పరిశోధన చేస్తున్న పిల్ల. చౌటినేల కావాలని వెతుక్కుంటూ వచ్చి, ప్రేమయ్య చేను చూసి, "ఇంత మంచి చౌడు నాకెక్కడా దొరకలేదన్నా" అంది. తన చేనును ఒకరు మెచ్చుకోవడం అతను వినడం అదే మొదలు. నేల ఇచ్చాడు, కాపలా తనే ఒప్పుకున్నాడు.

ఆమె తెచ్చిన విత్తనం మేత జొన్నది. తల్లి మంచి ఒడ్డూపొడుగున్న తీపి చొప్ప జొన్న. తండ్రి కుందూ ఒడ్డున చౌట్లో దానంతటదే మొలిచే గిడ్డజొన్న. పశువు దాన్ని మూతితో తాకి వదిలేస్తుంది. ఆ రెండింటినీ కలిపి, పుట్టిన వాటికి పుట్టిన వాటిని వరసలు వరసలుగా వేసింది. మోకాలెత్తుకు రాకముందే చాలా మొక్కలు ఆకు కొసలు మాడి, పసుపెక్కి, ఒంగిపోయాయి. ప్రేమయ్య రోజూ పోయి చచ్చిన వాటిని లెక్కపెట్టేవాడు.

సాహితి దిగులు పడలేదు. "చావాలనే వేసినాం అన్నా. చావందాన్ని పట్టుకోవాల మనం."

ఆ చావనిది కాలువ వైపు కొసన దొరికింది. పక్కనున్న తోబుట్టువులన్నీ మాడిపోతే అదొక్కటే ముదురాకుపచ్చగా, పిలకలతో సహా నిటారుగా లేచింది. సాహితి దాని పక్కన బురదలో గొంతుక్కూర్చుని చెప్పింది.

"ఈ నేలలో ఉప్పు తాగని చెట్టు లేదన్నా. అన్నీ తాగుతాయి. వేరేవి ఆ ఉప్పును ఆకు దాకా పోనిస్తాయి, ఆకు మాడిపోతాది. ఇది వేరు దగ్గరే నిలేస్తాంది. ఆ గుణం తండ్రి జన్యువుల్లోంచి దిగింది. ఎదుగుదల తల్లిది."

"అంటే ఒడ్డుపొడుగు తల్లిది, మొండితనం నాయనది" అన్నాడు ప్రేమయ్య. కొంచెం ఆగి, "మా ఇంట్లో అది తిరగబడిందిలేమ్మా" అన్నాడు.

గట్టు మీద గడ్డి మోపు కడుతున్న ఓబులమ్మ తలెత్తకుండానే, "మొండితనం ఎవురిదో ఊరంతా తెలుసులే, కొడవలి ఇట్లియ్యి" అంది. సాహితి చాలాసేపు నవ్వింది.

కంకి వేయగానే వేరే పుప్పొడి తగలకుండా కాగితపు సంచి తొడిగింది. లేత ఆకు కత్తిరించి, మంచుపెట్టెలో పెట్టి హైదరాబాదు పంపించింది. ఆ ఆకును అక్కడ చదువుతారని చెప్పింది. కిందటి వారం తనూ హైదరాబాదు పోతూ, "సోమవారం పొద్దునే వస్తా. గింజ గట్టిపడినాక నేనే కోస్తా. దీన్ని మాత్రం ఎవ్వరూ ముట్టద్దు" అని మరీ మరీ చెప్పింది. గట్టు పక్క వరసల్లో వేసిన మామూలు జొన్న ప్రేమయ్య కోసుకోవచ్చు. అది అతనికి వదిలేసినదే.

ఆ ఆదివారం అతను కొడవలి తీసుకుని దిగింది ఆ గట్టు వరసలు కోయడానికే. కోశాడు కూడా. చౌడు తిన్న కంకులు, పిల్లి తోకల్లాగా సన్నగా, సగం తాలు. వాటిని చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. బల్ల మీద ఇవి పెట్టడం కన్నా గుమ్మడికాయే నయమనిపించింది.

కాలువ కొసనున్న చెట్టు అక్కడి నుంచి కనిపిస్తోంది.

ముసురు పడితే సంచిలోనే బూజు పడుతుందని మొదట అనుకున్నాడు. ఆకు ఇప్పటికే పోయింది గదా, చదవాల్సిందేదో ఆకులోనే చదువుతారు గదా అని తర్వాత అనుకున్నాడు. ఈ నేల నా నాయనది, ఇందులో ఇన్నేళ్లకు మేలైనది ఒకటి పండితే అది ఎవరికి చెందాలి అని ఆఖరున అనుకున్నాడు. మూడూ అనుకున్నాడంటే ఒక్కదాని మీదా నమ్మకం లేదనే లెక్క. ఆ సంగతి అతనికి అప్పుడే తెలుసు. అయినా అడ్డంగా ఉన్న ముళ్లకంప పక్కకు లాగి లోపలికి పోయాడు. సంచి తీసి చూస్తే కంకి ముత్యాల కుచ్చులాగా ఉంది. మొదలుకంటా కోసి, గట్టు వరసల కంకులను దాని చుట్టూ చేర్చి కట్టాడు. రెండు చేతులా పన ఎత్తుకుని నడిచేటప్పుడు, కంపను మళ్లీ అడ్డం వేయాలన్న సంగతి మరిచిపోయాడు.

గుడిలో అయ్యగారు ఆ పనను రెండు చేతులా పైకెత్తి, "చౌటినేలలో కూడా దేవుడు పచ్చదనం పుట్టిస్తాడు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ల వైపు ఓబులమ్మ ముసుగు వెనక్కి జారిపోయి ఉంది, ఆమె సర్దుకోలేదు. తర్వాత బయట చెట్టుకింద వేలంపాట పెట్టారు. దేవునికి పెట్టిన సరుకును పాటలో పాడుకుని ఇంటికి తీసుకుపోతే మేలని అందరికీ నమ్మకం. పోటీ మీద పోటీ పెట్టి ప్రేమయ్య పనను జయపాలే పాడుకున్నాడు.

"ఉప్పులో ముత్యం పండించినావప్పా" అన్నాడు ప్రేమయ్య భుజం తట్టి. ఈసారి వేళాకోళం లేదు.

జయపాల్ భార్య జెస్సీ ఆ పనను వసారాలో దూలానికి కట్టింది. కొత్త కంకులు పిచుకలకు కట్టడం వాళ్లింట్లో అలవాటు.

సోమవారం సాహితి సంతోషంగా వచ్చింది. బస్సు దిగి ఇంటికి కూడా రాకుండా నేరుగా చేనికి పోయింది. ప్రేమయ్య వెనకాలే పోయాడు. నడుస్తూనే చెబుతోంది. "ఆకు చదివినారన్నా. మనం వెతికేదంతా అందులోనే ఉండాది. ఉప్పును నిలేసే జన్యువులు యాడుండాయో తెలిసింది. మిగతా పనంతా ఇంక ఆ గింజతోనే."

కాలువ కొసకు వచ్చి ఆగిపోయింది. చెట్టు లేదు. మోడు కొరికి కొరికి పిప్పి చేసి ఉంది. చుట్టూ గొర్రె డెక్కల గుర్తులు, పెంటికలు. పక్క వరసల్లో ఇంకా కొన్ని మొక్కలు తలలు పోయి ఉన్నాయి. కంప పక్కకు పడి ఉంది.

ఆమె ఒంగి డెక్కల గుర్తులను వేలితో తాకి చూసింది. చివరికి, "గొర్రెలు పడినాయా అన్నా?" అని అడిగింది.

గొర్రెలు పడ్డ మాట అబద్ధం కాదు. ఊరంతా గుడిలో ఉన్నప్పుడు, తెరిచి ఉన్న దారిన పడ్డాయి. ప్రేమయ్య తల ఊపాడు. ఒక్కసారే ఊపాడు.

ఆ గొర్రెలు ఉరుకుందప్పవి. ఎమ్మిగనూరు అవతలి నుంచి ఏటా కోతల కాలానికి మంద తోలుకుని వస్తాడు. పగలు గట్ల మీద మేపి, రాత్రిళ్లు ఎవరి చేన్లో కావాలంటే వాళ్ల చేన్లో ఎరువుకు మంద కడతాడు. ప్రేమయ్య చేన్లో ఏమీ పండని ఏళ్లలో కూడా, "నేల గదప్పా, ఎప్పుటికన్నా తింటాది" అని ఊరికే మంద కట్టిపోయినవాడు.

జయపాల్ అతన్ని పిలిపించాడు. ఉరుకుందప్ప కర్ర చంకలో పెట్టుకుని వచ్చి మోడు చూశాడు.

"పడినాయి సారూ, కాదనను. కంప తీసిండె. నేను తిప్పుకొచ్చేలోగా నాలుగు మూతులు పెట్టినాయి. ఈ ఒక్క చెట్టు మాత్రం..." అని ప్రేమయ్య వైపు చూశాడు.

ప్రేమయ్య కాలువ వైపు చూస్తున్నాడు.

ఉరుకుందప్ప మాట అక్కడే ఆపేశాడు.

"ఆ పాప ఏండ్ల కష్టం నీ గొర్రెలు ఒక పూటలో మేసినాయి" అన్నాడు జయపాల్. "కాలువ గట్టున ఇంక నీ మంద కనపడగూడదు. గురువారానికి ఊరు దాటాల."

"సూడి గొర్రెలుండాయి సారూ. ఇప్పుడు నడిపిస్తే దోవలోనే ఈనుతాయి. గట్టు మీద తప్ప యాడా పచ్చిక లేదు."

"అది నువ్వు కాపలా ఉన్నప్పుడు అనుకోవాల్సింది."

సాహితి ఆ మాటల్లో తల దూర్చలేదు. మోడు చుట్టూ మట్టి కుళ్లగించి, మంచినీళ్లు మోసి తెచ్చి పోసి, తడి గోనెపట్టా కప్పింది. పిలక లేస్తే చాలంది. మంగళవారం పోసింది. బుధవారం పోసింది. మోడు పైనుంచి నల్లబడుతూ వచ్చింది. "ఉప్పును నిలేసేదానికి కూడా ఆకుండాల గదన్నా, ఒట్టి వేరేం చేస్తాది" అంది తనలో తను అనుకున్నట్టు.

ప్రేమయ్యకు చేనికి పోవాలంటే జయపాల్ ఇంటి ముందు నుంచే దోవ. బస్సు దిగి కాలువ గట్టు మీదుగా వచ్చిపోయే సాహితికి ఆ వీధితో పని లేదు. సోమవారం మధ్యాహ్నం ఆ వసారాలో పన నిండుగా వేలాడుతోంది. దాని మీద నాలుగైదు పిచుకలు తలకిందులుగా పట్టుకుని గింజ ఒలుస్తున్నాయి. ప్రేమయ్య నిలబడి చూశాడు. ఇప్పుడు పోయి సాహితితో ఒక్క మాట అంటే చాలు. జయపాల్ లోపలి నుంచి వచ్చి, అతని చూపు ఎక్కడుందో చూశాడు.

"అయ్యగారు ఎత్తింది ఆ చెట్టేనని నాకు తెలీదనుకుంటాండావా?" అన్నాడు మెల్లగా. "గుడిలో చూసినోళ్లు శానామందికి తెలుసు. దేవుని బల్ల మీద పెట్టినాక అది దేవునిది. దాన్ని మల్లా చేనికి గుంజుకొచ్చి ఆ పాపకు లెక్క చెప్పితే, పెట్టి తీసుకున్నట్టయితాది. గమ్మునుండు. గొర్రెలోడు ఎట్లా పొరుగూరోడు. ఈ యేడు కాకుంటే వచ్చేడు వస్తాడు."

ఆ మాట వినడానికి హాయిగానే ఉంది. ప్రేమయ్య దాన్ని పట్టుకుని చేనికి పోయాడు. మంగళవారం అదే దోవన పోతూ తలెత్తి చూస్తే, పన ఒక పక్క బోసిపోయి ఉంది. బుధవారం గింజ పోయి కంకి ఊచ కనిపిస్తోంది. పిచుకల కిచకిచలు వీధి మలుపు దాకా వినిపించేవి. తల వంచుకుని నడిచినా వినిపించేవి.

బుధవారం మాపు ఓబులమ్మ గంజి పెడుతూ అంది. "ఉరుకుందప్ప మంద వలలు చుడతాండాడు. ఒక గొర్రె ఈనేటట్లుండాదంట. దుడ్లియ్యకున్యా మంద కట్టి పోయినోడప్పా."

"నాకు తెల్దా?"

"తెలుసనే అంటాండా."

ఆ పన ఏ చెట్టుదో ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. గుడిలో వెనక్కి జారిన ముసుగు ఆదివారం సాయంత్రం నుంచే మళ్లీ ముందుకొచ్చింది.

గురువారం మబ్బు విడిచింది. ప్రేమయ్య చేనికి పోయేసరికి సాహితి గోనెపట్టా తీసి మోడును వేలితో నొక్కి చూస్తోంది. పుల్ల విరిగినట్టు విరిగింది. అతను గట్టు దిగి ఆమె ఎదుట నిలబడ్డాడు.

"అమ్మా, ఆ చెట్టు గొర్రెలు తినలేదు. నేను కోసినా. ఆదివారం పొద్దున కోత పండక్కి కోసి గుడిలో పెట్టినా. కంప తీసింది కూడా నేనే. గొర్రెలు పడింది దాంట్లోంచే."

సాహితి లేవలేదు.

"కంకితో సహా కోసినావా?"

"కంకితో సహా."

"ఆ కంకి ఎక్కడుంది?"

కోపం చేస్తుందనుకున్నాడు. ఆమె గొంతులో కోపం లేదు, ఆశ ఉంది. దాన్ని వినడం కష్టమయింది.

"జయపాల్ పాడుకున్యాడు. వసారాలో పిచుకలకు కట్టినారు."

ఆమె పరుగు తీసింది. ప్రేమయ్య తన వయసుకు తగినంత వేగంగా వెనకాల పోయాడు. అతను చేరేసరికి సాహితి వసారాలో ఎత్తుపీట వేసుకుని ఆ పనను రెండు చేతులా పట్టుకుని ఉంది. గట్టు వరసల కంకుల్లో తాలు మిగిలింది. నడుమనున్న పెద్ద కంకి ఒట్టి ఊచ. ఒక్క గింజ లేదు. ఆమె దిగి, నేల మీద మోకాళ్లూని గచ్చు పగుళ్లలో వెతికింది.

"ఏం పోగొట్టుకున్యావమ్మా?" అని జెస్సీ లోపలి నుంచి వచ్చింది. "పొద్దునే ఊడ్చినా. రాలిందంతా కోళ్లకేసినా."

"నిన్న ఉండెనా అక్కా? గింజ?"

"నిన్న కొసన కొంచెం ఉండె. మొన్నయితే శానా ఉండె. సోమవారం చూడాల, నిండుగా ఉండె."

సాహితి ఆ ఊచను చేతిలో తిప్పుతూ మెట్టు మీద కూర్చుంది. ప్రేమయ్య వాకిట్లో నిలబడ్డాడు.

"నువ్వు కోసినందుకు కాదన్నా" అంది చివరికి. "కోసినా ఏం కాదు. గింజ గట్టిపడింది గదా, నేనొచ్చినా కోసేదాన్నే. సోమవారం నేనడిగినప్పుడు చెప్పింటే ఈ కంకి నిండుగా నా చేతిలో ఉండేది. పిడికెడు మిగిల్నా సరిపోయేది."

"మళ్లీ వేస్తే రాదామ్మా?"

"తల్లీ తండ్రీ ఉండారు. మొదటి నుంచి కలపాల. కలిపినా అన్ని గుణాలూ మళ్లీ ఒకే చెట్టులో పడతాయని ఎవురు చెప్పగలరు?" ఆమె ఊచను పక్కన పెట్టింది. "ఆ గొర్రెలాయన పోయినాడా?"

"పొద్దునే పోయినాడు."

"ఆయనతో నేను చెప్పేది బాగుండదు. నువ్వే చెప్పు."

జయపాల్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అతను అంతా విన్నాడు. ప్రేమయ్య అతని వైపు చూడకుండా వెనక్కి తిరిగాడు. దేవునిది అని జయపాల్ అన్న మాట తప్పో ఒప్పో అతనికి తెలియదు. ఆ మాట వెనకాల తను దాక్కున్నది మాత్రం దేవుని కోసం కాదు. అదొక్కటే తెలుసు.

ఆత్మకూరు వైపు పోయే బాటలో మంద జాడ పట్టడం కష్టం కాలేదు. ఎండ ముదిరే వేళకు, రోడ్డు పక్క తుమ్మచెట్ల పలచని నీడలో గొర్రెలు పడుకుని కనిపించాయి. ఒక తల్లి గొర్రె ఇంకా తడి ఆరని పిల్లను నాకుతోంది. ఆ పక్కనే గోనెసంచి కప్పి ఇంకో చిన్న పిల్ల ఉంది. అది కదలడం లేదు.

ఉరుకుందప్ప ప్రేమయ్యను దూరం నుంచే చూశాడు. లేవలేదు, పలకరించలేదు. పక్కన చోటు వదిలి కొంచెం జరిగాడు.

ప్రేమయ్య కూర్చున్నాడు. నడిచొచ్చిన ఆయాసం తగ్గేదాకా ఆగాడు.

"ఉరుకుందప్పా, ఆ చెట్టు నేను కోసినా."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"ఆదివారం పొద్దున నువ్వు పన ఎత్తుకోని పోతాంటే, కాలువ అవతల గట్టు మీద నేనుండా."

"మరి ఆపొద్దు అందరి ముందర ఎందుకనలేదు?"

ఉరుకుందప్ప కర్ర కొసతో నేల మీద ఒక గీత గీసి, అరికాలితో చెరిపేశాడు. "నువ్వంటావేమో అనుకున్యా. పొద్దున మంద కదిలేదాకా చూస్తి."

ప్రేమయ్య తల వంచుకున్నాడు. "ఈ పొద్దు చెప్పినా. సాహితమ్మకు చెప్పినా, జయపాల్ కూడా విన్యాడు. మంద తిప్పప్పా. గట్టు మీద మేపుకో. ఎవురన్నా అడ్డమొస్తే నేనుంటా."

"తిప్పలేనప్పా. సూడివి ఇంకా ఉండాయి. ఇంత దూరం నడిచినవాటిని మల్లా అంత దూరం నడిపిస్తే అవి తట్టుకోవు. ముందు ఆత్మకూరు దగ్గర పడితే అడివి పచ్చిక దొరుకుతాది."

"వచ్చేడు వస్తావా?"

ఉరుకుందప్ప గోనెసంచి కింద ఉన్న పిల్ల వైపు ఒకసారి చూసి, లేచి, చెట్టు కొమ్మకు తగిలించిన సద్దిమూట దించాడు. గుడ్డ విప్పాడు. సజ్జరొట్టెలు, శెనక్కాయల పొడి, ఒక ఎర్రగడ్డ. రొట్టెను మోకాలి మీద పెట్టి రెండుగా తుంచాడు. ఎర్రగడ్డను పిడికిలితో గుద్ది పగలగొట్టాడు. సగం రొట్టె, సగం ఎర్రగడ్డ, దాని మీద పొడి వేసి ప్రేమయ్య ముందు పెట్టాడు.

ప్రేమయ్య చేయి చాచలేదు. ఉరుకుందప్ప తన ముక్క తుంచుకుని నమలడం మొదలుపెట్టి, అతని వైపు చూడకుండా కాసేపు ఆగాడు. అప్పుడు ప్రేమయ్య రొట్టె అందుకున్నాడు. ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ తిన్నారు. నీళ్ల సీసా ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోయింది, వచ్చింది.